రైలుకు పోయినాడు

మా ఆయనను నేను మూడు నెలల్లో మూడుసార్లు చంపాను. నెలకోసారి, నీలం సిరాతో, రిజిస్టరులో.

తొంభైల చివరి సంగతి. ఆయన మిలిటరీలో ఉండేవాడు. బదిలీ అయిన ప్రతి ఊళ్ళోనూ నేను ఏదో ఒక బడిలో టీచరుగా చేరడం, పిల్లల పేర్లు నోటికి వచ్చేలోగా మళ్ళీ పెట్టెలు కట్టడం. అలా మూడు ఉద్యోగాలు వదిలాను. నాలుగోసారి ఆయనను కుటుంబాలకు చోటులేని సరిహద్దుకు పంపారు. నేను కంబదూరు దగ్గర అత్తగారి ఊరు చేరాను. అక్కడ వానకు తప్ప అన్నిటికీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. నేను అంగన్‌వాడీకి పెట్టాను. ఎవరి బదిలీకీ కదలని ఉద్యోగం! అది రాకపోతే ఇక ఈ జన్మకు పెట్టెలు కట్టడమే నా వృత్తి అనుకున్నాను.

ఇంటర్వ్యూకు అత్తగారు తోడొచ్చింది. అధికారి కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు. కాగితాల్లోంచి తలెత్తి ఉంటే నా నుదుట బండిచక్రమంత బొట్టు కనిపించేది. ఎత్తలేదు.

“భర్త?”

నేను నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది. “పోయినాడు సార్.”

“అయ్యో! ఎప్పుడు?”

“ఉగాది అయిన మూడోనాడు.”

“ఎలా పోయాడమ్మా?”

“ఇంకెట్ల పోతాడు సార్? రైలుకు పోయినాడు.”

మా వైపు రైలుకు పోవడమంటే రైలెక్కి పోవడం. ఆ అధికారి వైపు అది రైలు కింద పోవడం కాబోలు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “ఆ కాగితం తర్వాత తెచ్చివ్వండి” అన్నాడు మెత్తగా. రైలు టికెట్టేమో అనుకున్నాం.

వారం తిరక్కుండా కొత్త పోస్టుమ్యాను ఉత్తర్వు తెచ్చాడు. వితంతువుల కోటా కింద నాకు ఉద్యోగం ఇచ్చారు. మూడు నెలల్లో భర్త మరణ పత్రం దాఖలు చేయాలట.

“నేనేమన్నా అబద్ధం చెప్పినానా? పోయినాడు కదా వాడు!” అంది అత్తగారు.

“నిజం చెప్పేద్దామా అత్తా?”

“చెబితే పని పోతాది. మూడు నెల్లుండాయి కదా, చూద్దాం లేమ్మీ.”

రిజిస్టరులో నెలనెలా నా సంతకం పక్కన భర్త పేరు రాయాలి, ఉత్తర్వులో ఉన్నట్టే, ముందు ‘కీ.శే.’ తగిలించి. మొదటిసారి ఆ రెండక్షరాలూ రాస్తుంటే నవ్వొచ్చింది. ఆ నెల ఆయన దగ్గరనుంచి ఉత్తరం రాలేదు. వారానికొకటి రాసే మనిషి! రెండోసారి రాయబోయి కలానికి మూత పెట్టి, మళ్ళీ తీశాను. ఆ నెలా రాలేదు.

పోస్టుమ్యాను మాత్రం వీధిలోకి వచ్చేవాడు. “జాబు లేదాప్పా?” అంటే నా బొట్టు కేసి చూసి, చప్పున మొహం తిప్పుకుని, “లేదమ్మా” అని దెయ్యం తరిమినట్టు సైకిలు తొక్కేవాడు.

మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక అంగన్‌వాడీ కేంద్రం తలుపు మూడుసార్లు కొట్టుకునేది. తీస్తే ఎర్ర దుమ్ము, దాని వెనక ఎండిన వేరుశనగ చేను గలగల. ఆ గాలి సరిహద్దులో బయల్దేరి, దారిపొడుగునా నా అడ్రసు అడుక్కుంటూ వచ్చిందని ఇప్పటికీ ఏ గుళ్ళోనైనా ప్రమాణం చేస్తాను.

ఇంట్లో మగదిక్కు ఉన్నట్టు కనబడాలని అత్తగారు కొడుకు పాత బూట్లు గడప పక్కన పెట్టేది, మొనలు వీధివైపు. నేను మూడో ‘కీ.శే.’ రాసి ఇంటికొచ్చిన సాయంత్రం అవి ఇంటివైపు తిరిగి ఉన్నాయి.

“ఎవరు తిప్పినారత్తా?”

“నేను ముట్టలే.”

ఇద్దరం చాలాసేపు గడప దాటలేదు. చివరికి అత్తగారే అంది. “ఆ రాత కొట్టేసి రాపోమ్మీ. ఆ పని లేకుంటే యాడన్నా కూలికి పోదాం.”

మర్నాడు సూపర్‌వైజరమ్మ మరణ పత్రం కోసం వచ్చింది. ఆమె ముందే రిజిస్టరు తెరిచి మూడు ‘కీ.శే.’లనూ కాగితం చిరిగేలా కొట్టేశాను.

“ఏం చేస్తాండావు నువ్వు? అంటే నీ మొగుడు ఉండాడా?”

“ఉండాల మేడం” అన్నాను. అంతకుమించి నాకూ తెలియదు.

ఉద్యోగం ఆ గంటలోనే ఊడింది. నాకంటే ముందు వార్త ఊళ్ళోకి పరిగెత్తింది. ఇంటికొచ్చేసరికి వీధిలో పోస్టుమ్యాను నిలబడి ఉన్నాడు, చేతిలో దారంతో కట్టిన ఉత్తరాలు.

“తప్పయిపాయనమ్మా. ఆ ఉత్తర్వు నేను చదివింటి. ఇవి ఆయప్ప సచ్చేకి ముందు రాసినవేమో, ఆలస్యంగా వస్తాండాయేమో అనుకుంటి. సచ్చినోని జాబులు పెండ్లాము చేతిలో పెట్టేకి నాకు చేతులు రాలే. నువ్వేమో బొట్టు పెట్టుకొని అడుగుతాంటివి. పాపం, మతి చలించిందనుకుంటి.”

పదకొండు ఉత్తరాలు. చివరిది తొమ్మిది రోజుల కిందటిది. అత్తగారు వాటిని ఒళ్ళో పోసుకుని, చదవడం రాకపోయినా, ఒక్కొక్కటే తిప్పి చూసింది. బూట్ల సంగతి అడిగితే, తను ఆ వీధి దాటి గడప దాకా ఎన్నడూ రాలేదన్నాడు పోస్టుమ్యాను.

అన్ని ఉత్తరాల్లోనూ చివర ఒకే ప్రశ్న: ఉద్యోగం వచ్చిందా? ఏ కోటాలో వచ్చిందో చెప్పలేక నేను ఆ సంగతి ఆయనకు రాయనేలేదు.

జవాబు రాయడానికి కూర్చున్నాను. “ఉద్యోగం పోయింది” అని రాసి, ఆ మాటను చూసి, కాగితం చింపేశాను. వేరే కాగితం మీద “ఇంకా వెతుకుతున్నాను” అని రాశాను. బూట్లు ఇంటివైపే చూస్తున్నాయి. వాటిని తిప్పడానికి మా ఇద్దరిలో ఎవరికీ ధైర్యం చాలలేదు.