పొట్లం కట్టి ఇచ్చే కొట్టు

నా చిన్నప్పుడు మలయా అంచున పాడాంగ్ బెసార్ సరిహద్దు నుంచి సయాంలోని, అంటే ఇప్పటి థాయిలాండ్‌లోని, హాట్‌యాయ్ పట్టణానికి రైలు దారి ఇరవై ఎనిమిది మైళ్ళు. ఇప్పుడూ అంతే. ఆ రోజుల్లో ఆ దూరానికి గంటన్నర పట్టేది. మేం వెళ్ళినప్పుడు సరిహద్దు దాటగానే మా తాతయ్య చేతి గడియారాన్ని అరగంట వెనక్కి తిప్పారు. సయాం కాలం మలయా కాలం కన్నా అంత వెనక.

"సూసినావా, అరగంట ఊరికే వచ్చింది మనకి," అన్నారు నాతో.

పక్కన కూర్చున్న అమ్మమ్మ కిటికీలోంచి కళ్ళు తిప్పకుండానే, "ఏటి సేసుకుంటాం దాన్ని," అంది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మెర్డెకాకు, అంటే మలయా స్వాతంత్ర్యానికి, ఇంకా ఏడాది ఉంది. మలయాలో సుంగై సిపుట్ ఊరి దగ్గర ఒక రబ్బరు తోటలో తాతయ్య గుమాస్తా. నన్ను పెంచింది వాళ్ళిద్దరే. కమ్యూనిస్టుల తిరుగుబాటు మీద ఆంగ్లేయులు పెట్టిన ఎమర్జెన్సీ కాలం కనుక తోట కూలీల ఇళ్ళ చుట్టూ, మా ఇంటి చుట్టూ ముళ్ళకంచె ఉండేది. అడవిలో దాగిన తిరుగుబాటుదారులకు తిండి చేరకూడదని ఎవరి ఇంట్లోనూ బియ్యం ఉంచనిచ్చేవారు కాదు. అందరికీ ఒకే వంటశాలలో వండి, కొలిచి పెట్టేవారు. గేటు దాటి ఒక్క ముద్ద బయటకు వెళ్ళకూడదు. పొద్దున్నే పనికి వెళ్ళేవాళ్ళంతా గేటు దగ్గర చేతులు చాచి నిలబడితే, కాపలావాళ్ళు నడుములు, డబ్బాలు తడిమి చూసి వదిలేవారు. పిల్లలం బడికి వెళ్ళేటప్పుడు కూడా అలాగే నిలబడేవాళ్ళం. అందులో వింతగాని అవమానంగాని మాకు తోచేది కాదు.

మా మావయ్య, అంటే అమ్మమ్మ చిన్నకొడుకు, తోటలో రబ్బరు పాలు తూచే దగ్గర పనిచేసేవాడు. ఒకసారి జ్వరం తగ్గిన మర్నాడే పనికి బయలుదేరాడు. మధ్యాహ్నం నీరసపడతాడని అమ్మమ్మ తన వంతు అన్నంలో సగం ఆకులో చుట్టి అతని నడుముకు కట్టింది. గేటు దగ్గర దొరికాడు. అన్నం తన కోసమేనని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ నమ్మలేదు. జైలుకు పంపారు.

ఆ రోజు నుంచి అమ్మమ్మ రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కకు నెట్టేది. ఎనిమిది నెలల్లో చేతి గాజులు మోచేతి దాకా జారడం మొదలైంది. తోట ఆసుపత్రిలో మందులిచ్చే ఆయన ఆమెకు జబ్బేమీ లేదన్నాడు, ఇలాగే తినకపోతే వచ్చే వానలు చూడదన్నాడు. తాతయ్య సెలవు పెట్టారు. సయాంలో బియ్యానికి కాపలా లేదు. ఊరు మారి, కొత్త కొత్త కొట్లలో కొత్త తిండి కళ్ళబడితే ఆకలి పుడుతుందేమోనన్నది ఆయన ఆశ.

మొదటి రోజు హాట్‌యాయ్ స్టేషన్ ఎదుటే ఉన్న ఒక చీనా కొట్టుకు వెళ్ళాం. కోడి ఉడికించిన నీటిలో వండిన అన్నం, పైన కోడిముక్కలు, పక్కన అల్లం పచ్చడి. నేను పళ్ళెం ఖాళీ చేశాను. అమ్మమ్మ రెండు ముద్దల దగ్గర ఆగింది.

"తిను మరి," అన్నారు తాతయ్య.

"తిన్నాను లా," అంది, మలాయ్ వాళ్ళలా మాట చివర 'లా' చేర్చి.

"ఈ గుంట తిన్నదాంట్లో పావు లేదు, దాన్ని తిండంటావేటి?"

తాతయ్య డబ్బులిచ్చి వెనక్కి తిరిగేసరికి అమ్మమ్మ, నేను గుమ్మం దగ్గర ఒకరి వెనక ఒకరం నిలబడి ఉన్నాం, చేతులు రెండు పక్కలకూ చాచి. ఎవరైనా వచ్చి తడిమి పంపిస్తారని ఎదురుచూస్తున్నాం. కొట్టువాడు అర్థంకాక మా వంక, తాతయ్య వంక మార్చి మార్చి చూశాడు. లోపల ఎవరో నవ్వారు. తాతయ్య నవ్వలేదు. ముందు నా చేతులు, తర్వాత అమ్మమ్మ చేతులు మెల్లగా కిందికి దించి మమ్మల్ని వీధిలోకి నడిపించారు.

మర్నాడు ఆయన తీరు పూర్తిగా మారింది. పొద్దున్నుంచి ఎండలో హాట్‌యాయ్ వీధులన్నీ తిప్పారు. ప్రతి కొట్టు ముందూ ఆగేవారు. వంట వైపు చూడరు, వాసన పట్టరు. గుమ్మంలోంచి బయటకు వచ్చేవాళ్ళ చేతులు చూసేవారు, ఆ తర్వాత వీధి అటు చివరా ఇటు చివరా చూసి తల అడ్డంగా ఊపేవారు. పసుపన్నంలో కోడి పెట్టే ముస్లిముల కొట్టు దాటేశాం. సేమ్యా పులుసు కొట్టు దాటేశాం. నా చెప్పు తెగింది. చివరికి ఏదో ఒకచోట కూర్చున్నా, అమ్మమ్మకు అవే రెండు ముద్దలు.

"సయాం తీసుకొచ్చి కొట్లు సూసి కడుపు నింపుకోమంటన్నారేటి? గుంట కాళ్ళు లాగేస్తన్నాయి. ఇంటికెల్దాం," అంది.

"ఇంకొక్క ఊరు," అన్నారాయన. ఆయన గొంతులో అలసట నాకు కూడా తెలిసింది.

మూడో రోజు బస్సులో సొంగ్‌ఖ్లా వెళ్ళాం. సముద్రం ఒడ్డున ఊరు. సరుగుడు చెట్ల వరుసకు ఎదురుగా, రేకుల కప్పు కింద నాలుగు బల్లలున్న కొట్టు ముందు తాతయ్య ఆగారు, వీధి అటూ ఇటూ చూశారు, ఈసారి తల అడ్డంగా ఊపలేదు. వంటావిడ మలాయ్ తెలిసిన మనిషి. పచ్చగా, పుల్లగా ఉన్న చేపల పులుసు అన్నం మీద పోసి పెట్టింది.

అమ్మమ్మ ఒక ముద్ద తిని, "ఏటిది, చింతపండేసినారు. మన పులుసు నాగే ఉంది," అంది. రెండో ముద్ద తిని పళ్ళెం నెట్టింది. తాతయ్య బతిమాలలేదు. వంటావిడతో మలాయ్‌లో ఏదో అన్నారు. ఆవిడ మిగిలిన అన్నం, చేపముక్క అరటాకులో సర్ది, పైన కాగితం చుట్టి, తాడుతో కట్టి ఉచ్చు వేసి అమ్మమ్మ చేతికి ఇచ్చింది. అప్పటికే ఇద్దరు మనుషులు అలాంటి పొట్లాలు వేలికి తగిలించుకుని వెళ్ళడం నేను చూశాను.

అమ్మమ్మ ముఖం పాలిపోయింది. "నాను మొయ్యను. ఆల్లు సూస్తారు."

"సూడనీ. పద."

వీధిలోకి వచ్చాక తెలిసింది. కొట్టుకు వంద గజాల దూరంలో పోలీసు ఠాణా ఉంది, మెట్ల మీద ఒక పోలీసు నిలబడి ఉన్నాడు. మా దారి అతని ముందు నుంచే. అమ్మమ్మ పొట్లాన్ని చీర కుచ్చెళ్ళలో దాచబోయింది. తాతయ్య ఆ చెయ్యి పట్టుకుని బయటకు లాగి, పొట్లం అందరికీ కనబడేలా వేలాడనిచ్చారు. ముగ్గురం నడిచాం.

పోలీసు మమ్మల్ని చూశాడు. పొట్లం కూడా చూశాడు.

"సుదా మాకాన్, మాచిక్?" అన్నాడు. అన్నం తిన్నావా అత్తా, అని మలాయ్‌లో పలకరింపు. అక్కడ దారినపోయే ఎవరినైనా అలాగే పలకరిస్తారు.

అమ్మమ్మ పొట్లం వంక చూసింది. తర్వాత, "బెలుమ్," అంది. ఇంకా లేదు.

అతను సరుగుడు చెట్ల కింద బల్ల చూపించి, ఆవలిస్తూ లోపలికి వెళ్ళిపోయాడు.

ఆమె ఆ బల్ల మీద కూర్చుని తాడు విప్పింది. ఠాణా వైపు ముఖం పెట్టి అన్నమంతా తింది. ముళ్ళు ఆకు అంచున వరుసగా పెట్టింది. వేళ్ళు నాకింది. అప్పుడు అడిగింది, "ఆడికి జైల్లో కడుపు నిండా పెడతన్నారంటారా?"

"తెలీదే," అన్నారు తాతయ్య. ఖాళీ ఆకు మడుస్తూ ఆయనే మళ్ళీ, "నాను రుసి కోసం తిరగలేదు. పొట్లం కట్టే కొట్టు కావాలి, దాని పక్కన పోలీసుండాలి. హాట్‌యాయ్‌లో రెండూ ఒక్కసోట దొరకలేదు," అన్నారు.

"ముందే సెప్తే నాను రానని తెలుసు మీకు," అంది అమ్మమ్మ.

మరో రెండు రోజులు అక్కడే ఉన్నాం. రోజూ అదే కొట్టు, అదే పొట్లం, అదే బల్ల. తిరుగు టికెట్లకు డబ్బు చాలక తాతయ్య గడియారం అమ్మేశారు. సరిహద్దు దగ్గర అరగంట ముందుకు తిప్పడానికి మా దగ్గర ఏమీ లేకపోయింది. తోటకు చేరాక గేటు దగ్గర మళ్ళీ చేతులు చాచాం. కాని వంటశాలలో పెట్టిన అన్నం అమ్మమ్మ ఆ రోజు నుంచి వదలకుండా తింది.

మెర్డెకా తర్వాత మావయ్య ఇంటికి వచ్చాడు. మా వైపు ఆంక్షలు ఎత్తేశాక ఒక ఉదయం అమ్మమ్మ అన్నం పొట్లం కట్టి ఇవ్వబోతే, అతను రెండడుగులు వెనక్కి వేసి, "వద్దమ్మా," అన్నాడు. అతనికి సొంగ్‌ఖ్లా వీధి చూపించినవారు లేరు.

భూమి కొలతల శాఖలో పనిచేసిన కాలంలో ఉద్యోగం మీద చాలా ఊళ్ళు తిరిగాను. ఎక్కడ తిన్నా మిగిలింది పొట్లం కట్టించుకుంటాను, సంచిలో పెట్టుకోను. వేలికి తగిలించుకుని వీధి మధ్యన నడుస్తాను. ఎవరికైనా భయం పోవాలంటే మాటలతో చెప్పడం మానేసి, ఆ భయం ముందు నుంచే వాళ్ళతో కలిసి నడవాలని నాకు అప్పుడు తెలిసింది. అది అలసట కలిగించే పని. తాతయ్య గొంతులో ఆ అలసట నాకు ఇంకా గుర్తుంది.

ఆ ప్రయాణానికి అయిన ఖర్చు: ముగ్గురి రైలు, బస్సు ఛార్జీలు, నాలుగు రాత్రుల బస, ఒక జత చెప్పులు, ఒక చేతి గడియారం. దాని వెనకున్న నష్టం: అమ్మమ్మ తినని ఎనిమిది నెలలు, మావయ్య జైల్లో గడిపిన ఇరవై రెండు నెలలు, ఆ తర్వాత బతికినంతకాలం అతను ఇంటి నుంచి పట్టుకెళ్ళని మధ్యాహ్న భోజనాలు.