హ్యాండిల్‌కు కట్టిన సంచి

జగిత్యాల జిల్లా అయిన మరుసటి ఏడు నన్ను సిరిసిల్ల నుంచి కోరుట్లకు మెయిల్ ఓవర్‌సీరుగా బదిలీ చేశారు. పల్లె పోస్టాఫీసులు తిరిగి, టపా వేళకు చేరుతోందో లేదో చూసి, పైన ఉన్న ఇన్‌స్పెక్టరుకు నివేదిక రాయడం ఓవర్‌సీరు పని.

చేరగానే ఒక హుకుం జారీ చేశాను. టపా సంచి కళ్ల ముందుండాలి, సైకిల్ హ్యాండిల్ నడుమనే కట్టాలి. సిరిసిల్లలో ఒకసారి వెనక క్యారియర్ మీది సంచి దారిలో జారిపడి నాకు మెమో తెచ్చిపెట్టింది. ఆ భయం ఇంకా వదల్లేదు.

నెల తిరక్కుండానే మల్లాపూర్ వైపు సంచి మోసే సుజాత మీద ఫిర్యాదు వచ్చింది. రోజూ ఆలస్యం, సంచి ఎక్కాల్సిన కోరుట్ల బస్సు తప్పిపోతోంది. నా నివేదిక కూడా అలాగే ఉంటే ఆమెను 'పుటాఫ్' చేస్తారు, అంటే విచారణ తేలేదాకా పని ఉండదు. భర్త మస్కట్‌లో పని పోయి ఇంట్లోనే ఉన్నాడు. ఇల్లు ఈమె మీదే నడుస్తోంది.

మర్నాడు నా సైకిల్ మీద ఆమె వెంట బయల్దేరాను. ఇద్దరివీ వెడల్పుగా, తిన్నగా ఉండే హ్యాండిళ్లే, కొసలు పట్టుకుంటే ఒళ్లు ముందుకు వంగుతుంది. చదును రోడ్డు మీద నన్ను దాటిపోయింది. గుట్ట దారి మొదలవగానే ముందుచక్రం వంకర్లు పోయింది, సగంలో దిగి నెట్టడం మొదలుపెట్టింది. ఒంట్లో బాగాలేదా అని అడిగాను.

"ఒళ్లు మంచిగనే ఉన్నది సార్. ఇదివరకు దిగకుంటనే ఎక్కుతుంటి. గీ సంచి నడుమ కట్టినకాన్నుంచి చేతులు కొసలకు పోయినయి. వంగి తొక్కుతుంటె ఊపిరి ఆడుతలేదు."

నాకు చిరాకు రావాల్సింది, కానీ కుతూహలం పుట్టింది. సంచిని వెనక్కి మార్చి రెండు తాళ్లతో బిగించి, కిందినుంచి మళ్లీ ఎక్కమన్నాను. ఆమె చేతులు రెండూ హ్యాండిల్ నడుమకు చేర్చుకుంది. వెన్ను నిటారుగా లేచింది, చక్రం తిన్నగా నిలిచింది. బ్రేకులు అందవు కదా అన్నాను.

"ఎక్కేటప్పుడు బిరేకులతోని ఏం పని సార్?" అంటూనే దిగకుండా పైకి చేరింది.

అయినా నమ్మకం కుదరక నేనూ ఎక్కి చూశాను. కొసలు పట్టుకుని ఒకసారి, నడుమ పట్టుకుని ఒకసారి. రెండోసారికి అలిసిపోయి ఉన్నా ఊపిరి సులువుగా ఆడింది. ముందుకు వంగడం ఎదురుగాలిని తప్పించుకోవడానికి పనికొస్తుంది. నడక వేగంతో గుట్ట ఎక్కేవాళ్లకు గాలి పెద్ద అడ్డం కాదు, రొమ్ము విప్పారడమే ముఖ్యం.

సంచి ఇక వెనకే కట్టమన్నాను, ఆ వారం ఒక్క బస్సూ తప్పలేదు. నివేదికలో ఆలస్యానికి కారణం అన్నచోట ఆమె పేరు రాసినా ఎవరూ అడిగేవారు కాదు. నా హుకుమే కారణమని రాశాను. ఆమె ఉద్యోగం నిలబడింది, నాకు రెండో మెమో వచ్చింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ కొత్త హుకుమైనా, ముందు నేనే దాన్ని పాటిస్తూ ఆ గుట్ట ఎక్కి చూశాకే జారీ చేశాను.