ఫోటోలో లేని గోడ

ఆ పెట్రోలు బంకుకు మొదట్లో ఏ రంగులు వేశారో చెప్పగలిగిన మనిషి మా నాయన ఒక్కడే మిగిలాడు.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో ఉండే ఆ బంకు మూతపడి పదేళ్లు దాటింది. దాన్ని కట్టించిన పెద్దాయన మనవడు బెంగుళూరు నుంచి వచ్చి, మొదటిరోజు ఎట్లా ఉండేదో అట్లాగే చేసి అక్కడ కాఫీ అంగడి పెట్టాలనుకున్నాడు. అతని దగ్గర బంకు తెరిచిన రోజు తీసిన ఫోటో ఉంది. గుండ్రటి తలలున్న రెండు పంపులు, లావుపాటి రెండు స్తంభాలు, ముందుకు వంగిన కప్పు, అన్నీ తెలుస్తున్నాయి. కానీ ఫోటో నలుపు తెలుపు. ఏటా దసరాకు అవే రంగులు వేయించిన పెద్దాయన పోయాడు. అందుకని అక్కడ ముప్పై ఏళ్లు పెట్రోలు పట్టిన మా నాయనను వెతుక్కుంటూ ఇంటికొచ్చాడు.

అప్పటికి నాయన మంచం దిగడమే తక్కువ. తిన్నావా అంటే తిన్నాననేవాడు, తినకపోయినా. అలాంటి మనిషి ఆ రోజు నుంచి పొద్దున్నే గడ్డం గీసుకుని తయారయ్యేవాడు. వేసవి సెలవులని నేను నా నాలుగేళ్ల కూతురితో పులివెందుల నుంచి వచ్చి ఉన్నాను. ఎండకు నాయన ఎక్కడ కళ్లు తిరిగి పడతాడో అని, పాపను అమ్మ దగ్గర వదిలి వెంట వెళ్లేదాన్ని. వదిలి వెళ్లానన్న మాటే కానీ, గంటకోసారి ఫోను చేసి పాప ఎక్కడుందని అడిగేదాన్ని. నా భయం అలాంటిది.

రంగులు వేసే ముసలాయన స్తంభాన్ని గీకి, పొరలు చూపించి నాయనను అడిగేవాడు.

"ఇదేనా ఎరుపు?"

"అది కాదు. అంత పచ్చిగా ఉండకూడదు. ఎండుమిరపకాయ చూసినావా? ఆ ఎరుపు."

"ఏమన్నా, పెండ్లినాడు వదిన కట్టుకున్న చీర రంగు చెప్పమంటే చెప్తావా ఇంత బాగా?"

"దాన్నేమన్నా ఏటేటా నాచేత రుద్దించినారా?" అన్నాడు నాయన. ఇద్దరూ నవ్వారు. ఆయన అట్లా నవ్వడం చూసి చాలా కాలమైంది.

బంకు వెనకాల ఒక గది ఉంది. నేను పుట్టింది, పదేళ్ల దాకా పెరిగింది ఆ గదిలోనే. దాని తలుపుకు నాలుగడుగుల దూరంలో నడుమెత్తు గోడ ఉంటుంది. పగిలిన నాపరాళ్లను పేర్చి, సిమెంటు మెత్తి కట్టిన గోడ. సున్నం కూడా వేయలేదు. ఒక చివర మాత్రం పెద్దవాళ్లు పక్కకు తిరిగి పోయేంత సందు. చిన్నప్పుడు నేను ఆ గోడ దాటితే అమ్మ కొట్టేది. మిగతా దేనికీ కొట్టేది కాదు.

ఎందుకో నాకు పాప పుట్టాక చెప్పింది. నాకన్నా ముందు ఒక అక్క ఉండేది. నాలుగేళ్లది. నాపరాళ్ల లారీలు డీజిలు పట్టించుకుని వెనక్కి తిప్పుకునేటప్పుడు నాయన పక్కన నిలబడి, బాడీ మీద అరచేత్తో తడుతూ "రానీ, రానీ" అని అరిచేవాడు. డ్రైవర్లు ఆ గొంతును నమ్మి వచ్చేవాళ్లు. ఆ రోజూ అట్లాగే అరిచాడు. అక్క గదిలో నుంచి పరిగెత్తుకుని వచ్చింది. లారీకి నాయన ఒక పక్క ఉంటే ఆ పిల్ల రెండో పక్క ఉంది.

ఆ వారంలోనే నాయన ఎవరినీ చెయ్యి వేయనీకుండా ఆ గోడ కట్టాడట.

అక్కకు ఫోటో లేదు. వేసుకున్న గౌను కూడా ఉంచలేదు. ఆ గదిని వదిలి ఊళ్లోకి వచ్చాక, జమ్మలమడుగులో పిన్నమ్మ ఇంటికి పోయేటప్పుడల్లా అమ్మ బస్సులో బంకు వైపు సీటే చూసుకుని కూర్చునేది. బంకు దాటాక కొంగుతో ముఖం తుడుచుకునేది. దుమ్మనుకునేదాన్ని.

పంపులకు రంగులు పూర్తయిన రోజు ఆ బెంగుళూరు అబ్బాయి ఫోటో పట్టుకుని బంకు వెనక్కి వచ్చాడు.

"మామా, ఈ గోడేంది? ఫోటోలో లేదే."

నేను నాయన ముఖం చూశాను.

"అది మొదట్లో లేదప్పా," అన్నాడు. "నడుమ ఎవరో కట్టినారు."

"అయితే తీసేద్దాం మామా. ఆదివారం మనుషుల్ని పిలుస్తా."

"తీసెయ్."

ఆటో కోసం రోడ్డు మీదికి నడుస్తూ, "నాయనా, అట్ల చెప్పినావేంది?" అన్నాను. "ఎండ శానా ఉంది, బిరబిరా నడువు" అన్నాడు. ఇంటికి వచ్చి అన్నం తిని, పాపకు ఆ ఎరుపు ఎట్లా కుదిరిందో చెప్తూ కూర్చున్నాడు.

వంటింట్లో అమ్మకు నేనే చెప్పాను. బియ్యంలో రాళ్లు ఏరుతున్న చెయ్యి ఆగింది.

"ఎవరో కట్టినారనా చెప్పింది?"

"అట్లనే అన్నాడు."

చేటను పక్కకు పెట్టింది. "ఆయనే చెప్పనప్పుడు నేను పోయి ఏమని అడగాల? నువ్వు సదువుకున్నదానివి. మాట్లాడే విధం నీకు తెలుస్తాది. ఆ పిల్లోనికి ఒక మాట చెప్పు. గోడ ఒక్కటి ఉంచమను."

అమ్మ నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు.

ఆదివారానికి ఇంకా మూడు రోజులున్నాయి. అతని నంబరు నా ఫోనులో ఉంది. మంచి అబ్బాయి, చెబితే వింటాడు, అదీ తెలుసు. నంబరు తీయడం, మళ్లీ పెట్టేయడం. ఆ గోడ ఎందుకో చెప్పాలంటే ఆ రోజు "రానీ" అన్నది ఎవరో చెప్పాలి. చెప్పాక ఆ అబ్బాయి నాయనను ఏ కళ్లతో చూస్తాడు? అది తెలిస్తే నాయన మళ్లీ మంచం ఎక్కుతాడా? ఎక్కితే దిగుతాడా? ఇట్లాంటివి ఒకదాని వెంట ఒకటి నాకు బాగా తోస్తాయి. శనివారం సాయంత్రం అమ్మ అడిగింది.

"చేసినావా?"

"చేసినా. ఎత్తల్యా" అన్నాను.

"ఊరికి పోయినాడేమోలే" అంది అమ్మ.

కాఫీ అంగడి తెరిచిన రోజు అందరం వెళ్లాం. ఎండుమిరప ఎరుపు, మీగడ తెలుపు. నేల మీద సిమెంటు లేపేస్తే అడుగున ఉన్న పాత నాపరాళ్లు నున్నగా బయటపడ్డాయి. గోడ ఉన్నచోట కొత్త బండలు వేసి, తేడా తెలియకుండా రుద్దారు. ఆ అబ్బాయి నాయనకు శాలువా కప్పి, "మామ ల్యాకుంటే ఇది లేదు" అని అందరికీ చెప్పాడు. తర్వాత అమ్మ దగ్గరికి వచ్చి, "అత్తా, ముందుండినట్టే ఉందా?" అని అడిగాడు.

"ముందుండినట్టే ఉంది నాయనా" అంది అమ్మ. పాపను మాత్రం ఒడిలో నుంచి దిగనివ్వలేదు. పాప ఏడ్చింది. అయినా దించలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మేమే ఉన్నాం. నాయన శాలువా మడతపెట్టి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. సగం దారిలో, ఎవరూ అడగకుండానే అన్నాడు.

"నేను చెప్పింటే వాడు ఆ గోడను ఉంచింటాడు. అందుకే చెప్పల్యా."

అమ్మ ఆయన వైపు తిరిగింది.

"పంపు కాడ యాడ నిలబడినా అదే కనపడేది," అన్నాడు. "పాతికేండ్లు. ఎవురైనా తీసేస్తే బాగుండని ఉండె. నా చేతుల్తో తీయల్యాకపోయినా."

"నాకు అదొక్కటే ఉండె కదయ్యా," అంది అమ్మ. "నన్నొక మాట అడగొద్దా?"

ఆటో డ్రైవరు అద్దంలోంచి ఒకసారి చూసి మళ్లీ రోడ్డు చూసుకున్నాడు. అమ్మ పాప తలను భుజానికి ఆనించుకుని, నా చేతి మీద చెయ్యి వేసింది.

"పాపం, ఇదన్నా ఫోను చేసి చూసింది" అంది.

నేను ఆ చెయ్యి తీయలేదు. చేయలేదమ్మా అని చెప్పనూ లేదు. సెలవులు అయిపోయి పులివెందుల వచ్చేశాను. పాప నిద్రపోయాక ఇది రాస్తున్నాను. వారానికి రెండుసార్లు అమ్మతో మాట్లాడుతున్నాను. ఇంకా చెప్పలేదు.