సడ్డకుడి మీద కుళ్లుతో నేను చేసిన మంచం

మంచం మీద నుంచి కింద పడ్డవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. మంచంతో సహా, చుట్టాలందరి ముందు, నవ్వుతూ కింద పడ్డవాణ్ణి మాత్రం ఒక్కణ్ణే ఎరుగుదును. రోజూ పొద్దున అద్దం ముందు అతనికి గడ్డం గీసేది నేనే.

దీనికంతటికీ కారణం మా రాజేశం అన్న. నా భార్య రమకు స్వయానా అక్క మొగుడు, నాకు సడ్డకుడు. కరీంనగర్‌లోనే బ్యాంకు ఉద్యోగం. బ్యాంకువాడు బ్యాంకు పని చూసుకోవాలి కదా! సెలవుల్లో కూర్చుని తన చేతులతో టేకు మంచం చేశాడు. చేస్తే చేశాడు, దాన్ని రమ చూసి వచ్చింది.

"బావ జేసిన మంచం మీద ఎగిరి కూసున్న. కిర్రుమంటె ఒట్టు!"

ఆ రోజు నుంచి మా ఇంట్లో అన్నంతో పాటు ఆ మంచాన్నీ వడ్డించడం మొదలుపెట్టింది. ఫ్యాను చప్పుడు చేస్తే "బావ మంచం చప్పుడే చెయ్యది". చారు బాగాలేదంటే "బావయితె మంచం జేసి అలిసి గూడ తిండికి ఒక్క వంక పెట్టలే". నా కడుపులో సున్నం బట్టీ రాజుకుంది.

అది చాలదన్నట్టు బోథ్ నుంచి మా అత్తమ్మ ఫోను. కొండగట్టు మొక్కు తీర్చుకోవడానికి వస్తోందట. "పెద్దల్లుని మంచం మీద పండుకోని పోతనే" అంటోంది కూతురితో. నేను ఫోను గుంజుకున్నాను.

"మొదలు మా ఇంటికే రా అత్తమ్మా! నేను గూడ మంచం జేస్తున్న!"

నాది ఫొటో స్టూడియో. అప్పటిదాకా సుత్తి పట్టింది గోడకు ఫొటోలు తగిలించడానికే.

టేకు కొని, మంచం కాళ్లకు కోళ్లు, పక్కలకు పట్టెలు సామిల్లులో కోయించి తెచ్చాను. తలవైపు కోళ్లు, కాళ్లవైపు కోళ్లు వాళ్లే జతచేసి ఇచ్చారు. మిగిలింది ఆ రెండు జతల మధ్య పొడుగు పట్టెలు బిగించడం. దేనితో బిగించాలి? జబ్బార్ భాయ్ హార్డ్‌వేర్ దుకాణానికి పోయాను.

"బోల్టులు తీస్కపో అన్నా," అన్నాడు జబ్బార్ భాయ్. "కోడులకెల్లి పట్టెలకు దూరి, నట్టు పట్టుకుంటది. ఏనుగు పండుకున్నా ఫికర్ లేదు. మీ సడ్డకుడు గూడ గివే తీస్కపోయిండు."

ఆఖరి మాట అనకుండా ఉంటే ఈ కథే లేదు.

"గయితె గవి వద్దు!"

"ఎందుకన్నా?"

"బోల్టు తలకాయలు బయటికి కనవడ్తయి. ఫొటోల మంచిగ రాదు."

"మంచానికి ఫొటో తీస్తవా, దాని మీద పండుకుంటవా?"

నేను వినిపించుకోకుండా అరలో మెరుస్తున్న ఇనుప పట్టీలు చూపించాను. "గవేంది?"

"కొక్కేల పట్టీలు. కొక్కేలున్నది పట్టెకు, సందులున్నది కోడుకు బిగించాలె. పైకెల్లి దించితె కూసుంటది, బయటికి ఏం కనవడది. గని జర సమజ్ చేస్కో, కొక్కేలు..."

"మా సడ్డకుడు గివి కొన్నడా?"

"లే."

"గయితె కట్టియ్యి!"

కొక్కేల గురించి జబ్బార్ భాయ్ ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. నేను అప్పటికే స్కూటర్ ఎక్కేశాను.

ఇంటికొచ్చి పట్టీలు బిగించాను. పట్టెలు పైనుంచి దిగనే లేదు. కింద నుంచి సుత్తితో కొడితే మాత్రం భేషుగ్గా ఎక్కి బిగుసుకున్నాయి. మీద అడ్డచెక్కలు పేర్చి పరుపు వేశాను. రమ వచ్చి కోడు పట్టుకుని ఊపింది. కదలలేదు.

"నిజంగ మీరే జేసిన్రా?" అంది. పెళ్లయినప్పటి నుంచి ఆమె నన్ను అలా చూడలేదు.

ఆదివారం మధ్యాహ్నం అత్తమ్మ, వదిన, రాజేశం అన్న దిగారు. అన్న నా మంచం చుట్టూ తిరిగాడు.

"బోల్టులేవి తమ్మీ?"

"గవి పాత పద్ధతన్నా."

ఆయన వంగి కిందికి చూశాడు. మొహం మారింది. ఆ మార్పు చూసి నా కడుపులోని బట్టీ చల్లారింది. కుళ్లుకుంటున్నాడు! అత్తమ్మ కూర్చోబోతుంటే చెయ్యి కూడా పట్టుకుని ఆపాడు.

"ఆగత్తమ్మా! తమ్మీ, గీ కొక్కేలు..."

"ఓర్వలేకుంటె ఓర్వలేనని చెప్పన్నా! సూడత్తమ్మా, ఎంత గట్టిగున్నదో!"

అని, రమ ఆయన మంచం మీద ఎగిరినట్టే నేనూ ఎగిరి కూర్చున్నాను.

పట్టెలు ఊడాయి. చెక్కలు, పరుపు, నేను ఒకే చప్పుడుతో నేల మీదికి చేరాం. నవ్వు ఇంకా నా మొహం మీదే ఉంది. తలవైపు కోళ్లు, కాళ్లవైపు కోళ్లు నాకు దండం పెడుతున్నట్టు రెండు దిక్కుల నుంచీ వంగి మీద పడ్డాయి.

"అయ్యో బిడ్డా!" అంది అత్తమ్మ. "గిది మడత మంచమా? జెర ముందు చెప్పరాదూ!"

అందరూ నవ్వారు, రాజేశం అన్న తప్ప. నన్ను కాల్చింది అదే. నన్ను లేపి, దుమ్ము దులిపి, మెల్లగా అన్నాడు: "కొక్కేలు కిందికి సూడాలె తమ్మీ. నువ్వు పైకి పెట్టినవ్." పొద్దు గూకేలోపు పట్టీలన్నీ విప్పి, తిప్పి, మళ్లీ బిగించాడు. ఈసారి పైనుంచి దించితే పట్టెలు ఒద్దికగా కూర్చున్నాయి.

మొక్కు తీర్చుకుని అత్తమ్మ బోథ్ పోయింది. ఇప్పుడు అక్కడ అందరికీ చెబుతోందట: "మా పెద్దల్లుడు బంగారం. ఇద్దరు బిడ్డలకూ మంచాలు జేసిచ్చిండు!" రమ కూడా దుప్పటి మారుస్తూ "బావ జేసిన మంచం" అనే అంటోంది. నా ఇంట్లో, నేను కొన్న టేకుతో చేసినా, నేను పడుకునేది సడ్డకుడి మంచం మీద.

అందుకని కొండగట్టు అంజన్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ మంచం చెయ్యను. మంచమే కాదు, స్టూలు, పీట, చివరికి చపాతీ కర్ర కూడా చెయ్యను. కుళ్లుకోనని మాత్రం అనలేదు, గమనించగలరు. రాజేశం అన్న ఇప్పుడు ఉయ్యాల చేస్తున్నాడట.