న్యూపోర్ట్ రేవులో మేనల్లుడి పడవ పందెం

ఈ ప్రయాణం మొదలైంది ఒక యువరాజు అలక వల్ల. అమెరికాలో మేముండే ఎడిసన్ నుంచి ఆఫీసుకి వెళ్ళే రైల్లో విక్టోరియా రాణి కాలపు పడవ పందేల గురించి చదువుతున్నాను. రాణిగారి పెద్దకొడుక్కి తెరచాప పడవల పిచ్చి. గొప్ప పడవ కట్టించుకుని పందేల మీద పందేలు గెలిచాడట. జర్మనీ చక్రవర్తి అయిన మేనల్లుడు ఇంకా పెద్ద పడవతో దిగి ఓడించేసరికి, ఈ మేనమామ తన పడవ అమ్మేశాడు. చదువుతూ నవ్వుకున్నాను. మరుక్షణం నవ్వు ఆగిపోయింది. రెండేళ్ళ క్రితం మా తెలుగువాళ్ళ పిక్నిక్‌లో, నేనే బ్యాట్ పట్టుకోవడం నేర్పిన అక్క కొడుకు కార్తీక్ నన్ను షటిల్‌లో 21-6తో ఓడించి, "మామయ్యా, నెక్స్ట్ ఇయర్ చెయిర్‌లో కూర్చుని ఆడు" అన్నాడు. అందరి ముందూ బ్యాట్ విసిరేసి వచ్చేశాను. అప్పటినుంచి మా ఇద్దరికీ మాటల్లేవు.

అప్పటికి వాడు రోడ్ ఐలండ్‌లో చదువుతూ కాలేజీ టీమ్‌లో తెరచాప పడవ నడుపుతున్నాడు. 2012 సెప్టెంబర్‌లో ఒక శనివారం న్యూపోర్ట్‌లో పందెం ఉందని అక్క చెప్పింది. "వాడు ఫోన్ చేయడు, నువ్వు చేయవు. మధ్యలో నేను పోస్ట్‌మాన్‌నా? వెళ్ళి చూసి రారా" అంది ఆష్‌బర్న్‌లోని తన ఇంటి నుంచి ఫోన్లో. గరాజ్‌లోంచి రెండు బ్యాట్లు తీసి డిక్కీలో వేసుకుని తెల్లవారి అయిదున్నరకి బయల్దేరాను. దారి రెండు వందల మైళ్ళు, మామూలుగా నాలుగు గంటల లోపే. కనెక్టికట్‌లో రోడ్డు పనులు నా గంట మింగేశాయి. పందెం పదకొండుకి. వాడు పడవెక్కే ముందే నన్ను చూడాలని నా తాపత్రయం. ఉత్తపుణ్యానికి లేన్లు మారుస్తూ, నా ముందున్న లారీలన్నిటినీ తెలుగులో తిట్టాను.

న్యూపోర్ట్ వంతెన మీద టోల్ నాలుగు డాలర్లు కట్టి, రేవు పక్కన ఉన్న పాత కోట పార్కు చేరేసరికి పదకొండుకి పది నిమిషాలు. పడవలన్నీ అప్పటికే నీళ్ళలో ఉన్నాయి. తీరా చూస్తే గాలి లేదు. పందెం వాయిదా. మడత కుర్చీలో బైనాక్యులర్స్ పెట్టుకున్న ఒక పెద్దావిడ నా తిరుగుడు చూసి, "కూర్చో నాయనా, గాలి రావాలంతే. ఇక్కడ రాజులైనా ఆగాల్సిందే" అంది. విక్టోరియా రాణి చూస్తుండగా అమెరికా పడవ గెలుచుకున్న కప్పు కోసం ఎన్నో పందేలు ఈ ఊరి ముందే జరిగాయని కూడా ఆవిడే చెప్పింది. నేను వింటే కదా! రెండు కాఫీలు తాగి, కోటగోడ దాకా పదిసార్లు వెళ్ళొచ్చాను.

పన్నెండున్నరకి గాలి లేచింది. హారన్ మోగింది. కార్తీక్ పడవ అందరికన్నా ముందు దూసుకుపోయింది. నేను చప్పట్లు కొడుతుంటే ఆవిడ తల అడ్డంగా ఊపింది. "హారన్ కన్నా ముందే పందెం మొదలయ్యే గీత దాటాడు. వెనక్కి వచ్చి మళ్ళీ దాటాలి." తొందర, అచ్చం నాదే. కానీ వాడు వాదించలేదు. పడవ తిప్పుకుని, తక్కినవాళ్ళంతా దూరమైపోతున్నా గీత వెనక్కి వచ్చి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆఖర్నుంచి మూడోవాడిగా ముగించాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఒడ్డున నన్ను చూసి ఆగిపోయాడు. "మామయ్యా? ఇంత దూరం నేను ఓడిపోతే చూడ్డానికి వచ్చావా?"

"కాదురా. నువ్వు అర నిమిషంలో వెనక్కి తిరిగావు. నాకు రెండేళ్ళు పట్టింది."

వాడు చేతిలోని తాడు చుట్ట పక్కన పెట్టాడు. "ఆ చెయిర్ జోక్... నేను వేసి ఉండకూడదు. సారీ మామయ్యా."

"కార్‌లో బ్యాట్లున్నాయి" అన్నాను.

న్యూపోర్ట్‌లో అందరూ చూసే రాజభవనాల్లాంటి ఇళ్ళు నేను ఒక్కటీ చూడలేదు, మీరు చూడండి. ఆ యువరాజు పడవ అమ్మేసి ఏం సుఖపడ్డాడో తెలియదు. నేను మాత్రం కార్తీక్ పదిహేడో ఏడూ పద్దెనిమిదో ఏడూ పోగొట్టుకున్నాను, అవి తిరిగి రావు. ఇక వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: ఆ పార్కు పచ్చికలో షటిల్ ఆడాలనుకుంటే స్కోరు సంగతి మర్చిపోండి. సముద్రపు గాలి కాక్‌ని ఎటు పడితే అటు లాక్కుపోతుంది. మేం చీకటి పడేదాకా ఆడాం, ఎవరు గెలిచారో ఇద్దరికీ తెలియదు.