కోరుట్లలో కిలో టమాటాలు

తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా ఉన్నన్నాళ్లు నేను గ్రాము తేడాను కూడా ఊరికే వదల్లేదు. నడుము నొప్పితో యాభై మూడో ఏట స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక ఆ పట్టంతా సడలిపోయింది. ఇప్పుడు ఏ సంగతి చెప్పినా కిలోకు కిలోన్నర తూగుతుంది. చదివేవారు తమకు తోచినంత తరుగు తీసుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. అయితే ఉన్నదాని బరువు పెంచడం వేరు, లేనిది కల్పించడం వేరు. ఇందులో నేను పూర్తిగా కల్పించింది ఒక్కటే ఉంది. అదేదో చివర ఒప్పుకుంటాను.

కొత్త జిల్లాలు ఏర్పడ్డాక వచ్చిన రెండో వేసవి చివర, జూన్ మొదటి వారంలో, నన్ను జగిత్యాలకు ఇన్‌స్పెక్టరుగా వేశారు. సిరిసిల్ల పోస్టు ఖాళీగా ఉండటంతో ఆ అదనపు బాధ్యతా నా నెత్తినే పడింది. దుకాణాల కాంటాలను ఏటా ఒకసారి పరీక్షించి, సరిగ్గా ఉంటే సీసం సీలు వేసి సర్టిఫికెట్ ఇవ్వడం మా పని. బంగారం దుకాణంలో అద్దాల పెట్టెలో ఉండే చిన్న త్రాసు నుంచి, వడ్ల లారీని లారీతో సహా తూచే ధర్మకాంట దాకా అన్నీ మా పరిధిలోవే. రెండు ఆఫీసులకూ వేళకు వస్తే చాలు, ఎక్కడ కాపురం పెట్టినా తాను అడగనని మా అసిస్టెంట్ కంట్రోలర్ నోటిమాటగా చెప్పాడు. కాగితం మీద ఇవ్వలేదు. ఆయన ఏదీ కాగితం మీద ఇచ్చే రకం కాదు.

అప్పటికి మూడేళ్లుగా నేను ఆదివారాల మొగుణ్ణి. పాత పోస్టింగు ఆదిలాబాద్ అవతల. నా భార్య సుజాత, మా బిడ్డ శ్రావణి కరీంనగర్‌లో మా అత్తగారింట్లో ఉండేవారు. శ్రావణి ఇంటర్లో చేరబోతోంది. ఇకనైనా అందరం ఒక ఇంట్లో ఉందామని నేనంటే, సుజాత ఒక షరతు పెట్టింది.

"జీతం పదిహేనో తారీఖుకే ఒడువని ఊరు చూడుండ్రి. గట్లయితె నేను, బిడ్డ అస్తం. లేకుంటె నువ్వక్కడ, మేమిక్కడ. అలవాటైన పనే గద."

ఆవిడ కోపంలో 'నువ్వు' నుంచి 'మీరు'కీ, 'మీరు' నుంచి 'నువ్వు'కీ మారుతుంది. ఆ రోజు ఒక్క మాటలోనే మారింది.

జగిత్యాల జిల్లా కేంద్రమైనప్పటి నుంచి అన్ని శాఖల అధికారులూ అక్కడే ఇళ్లు వెతుకుతున్నారు. ఒక ఇంటాయన మూడు గదులకు చెప్పిన కిరాయి విని, ఇల్లు అమ్ముతున్నాడనుకుని, రిజిస్ట్రేషన్ ఖర్చు ఎవరిదని అడిగాను. ఇంకొకాయన గాలికి, వెలుతురుకు, కలెక్టరేట్ దగ్గరగా ఉన్నందుకు విడివిడిగా ధర కట్టాడు. నాకొచ్చే ఇంటద్దె భత్యంతో వంటగది, వరండాలో సగం మాత్రం వచ్చేట్టున్నాయి.

కాబట్టి శాస్త్రీయంగా తేల్చాలనుకున్నాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు చోట్లా ఒకే రకం సరుకులు కొని, ఆఫీసులోని ప్రామాణిక త్రాసు మీద తూచి, జీతం ఏ ఊళ్లో ఎన్ని రోజులు వస్తుందో పట్టిక గీయాలని నిర్ణయం. టమాటాలు, ఉల్లిగడ్డలు, కందిపప్పు, సన్నబియ్యం, కోడికూర. మూడు వారాలు తిరిగాను. ఆ పట్టిక ఎంత పొడవయిందంటే, గోడకు వేలాడదీస్తే చివర రెండు వరసలు నేల మీద పడేవి.

ఫలితం చూసి నేనే నమ్మలేకపోయాను. జగిత్యాలలో జీతం పద్దెనిమిదో తారీఖుకు చచ్చిపోతోంది. సిరిసిల్లలో ఇరవై నాలుగు దాకా ఊపిరితో ఉంటోంది. కోరుట్లలో మాత్రం నెలాఖరు దాటి వచ్చే నెలలోకి నడిచిపోతోంది. అక్కడ కిలో టమాటాలు కొంటే తూకంలో కిలో మీద పావు వచ్చింది. కోడికూర తూచినవాడు మొక్కు చెల్లిస్తున్నట్టు మీద ఇంకో ముక్క వేశాడు. తక్కువ తూకం కనిపిస్తే నిద్రలో కూడా అనుమానించే మనిషిని నేను. ఎక్కువ తూకాన్ని ఎలా అనుమానించాలో మాత్రం మా శిక్షణలో ఎవరూ నేర్పలేదు. అది కోరుట్ల మనుషుల మంచితనం అనుకున్నాను.

ఇల్లు కూడా అక్కడే దొరికింది. రంగారావు అనే పెద్దమనిషిది. బీర్పూర్ దగ్గర భూములున్న పాత కుటుంబం, ఇప్పుడు పట్టణంలో వ్యాపారం. మేడ మీద నాలుగు గదులు, ఇరవై నాలుగు గంటల నీళ్లు, గుర్రాన్ని కట్టేయడానికి సరిపోయేంత బాల్కనీ. కిరాయి జగిత్యాలలో అడిగినదాంట్లో మూడో వంతు. అడ్వాన్సు వద్దన్నాడు. మీలాంటి సార్లు ఉంటే ఇంటికే ఇజ్జతని చెప్పి, తాళంచెవి నా జేబులో తనే వేశాడు.

మర్నాడు మా అటెండరు రాజమల్లుకు ఆ పట్టిక చూపించాను. నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఇరవై కిలోల బాట్లు, అంటే పరీక్షకు వాడే ఇనుప తూకపు గుండ్లు, ముప్ఫై ఏళ్లుగా మోస్తున్నవాడు. పై నుంచి కింది దాకా చదివి, చివరి రెండు వరసలు వంగి చదివి, నా వైపు జాలిగా చూశాడు.

"సారూ, ట్రయల్ కొనుగోలుకు మనం ఎవలనన్న వేరేటోళ్లను తోల్తం గద. కూరగాయలకు మీరే పోయిండ్రా?"

ట్రయల్ కొనుగోలు మా శాఖలో మొదటి వారం నేర్పే పాఠం. దుకాణం మీద అనుమానం వస్తే ఇన్‌స్పెక్టరు నేరుగా పోడు. ముఖం తెలియని మనిషిని పంపి సరుకు కొనిపించి, దాన్ని బయట తూస్తాడు. నేను కోరుట్లలో సరుకులు కొనడానికి ముందు మంగళవారమే అక్కడి మార్కెట్లో ప్రతి కాంటా తనిఖీ చేశాను. మిగతా రెండు ఊళ్లలో ఇంకా మొదలుపెట్టలేదు. జీపు లేకుండా, అంగీ మార్చుకుని పోతే ఎవరూ గుర్తుపట్టరనుకున్నాను.

అప్పటి నుంచి నాకు అనుమానపు జ్వరం పట్టింది. పాలవాడు నమస్తే పెడితే పాలలో ఎన్ని నీళ్లున్నాయోనని చూశాను. చాయ్ దుకాణంలో ఒక బిస్కెట్ ఎక్కువ వస్తే తిరిగి ఇచ్చేశాను. జేబులో తాళంచెవి రోజు రోజుకూ బరువెక్కుతున్నట్టుండేది. ఒకరోజు నిజంగానే తూచి చూశాను. నలభై రెండు గ్రాములు, మార్పు లేదు.

సుజాతకు ఫోన్లో చెప్పక తప్పలేదు. ఆమె నా పట్టికలోని దుకాణాల పేర్లు రాసుకుంది. రెండు రోజుల తర్వాత బస్సులో ఒక్కతే కోరుట్లకు వచ్చింది. బుగ్గారం నుంచి వచ్చానని చెప్పుకుంటూ, నా పట్టికలోని దుకాణాల్లోనే, అవే సరుకులు కొంది. అక్కడి నుంచి నేరుగా జగిత్యాల ఆఫీసుకు వచ్చి సంచులు నా బల్ల మీద పెట్టింది. తూచాను. టమాటాలు కిలోకు ఎనిమిది వందల డెబ్భై గ్రాములు. ధర కూడా నాకు చెప్పినదానికంటే ఎక్కువ. మొన్న మా చుట్టపాయనకు కిలో మీద పావు వేశారట కదా అని అడిగాననీ, కూరగాయలామె ఏమన్నదో యథాతథంగా చెబుతాననీ అంది.

"'ఆయన కాంటసారక్కా. ఆయనకు ఏసినట్టు అందరికి ఏస్తె మేం బతుకుడెట్ల' అన్నది. నువ్వు తెచ్చిన పట్టిక కోరుట్ల ధర కాదు. నీ కుర్సీ ధర."

అంతటితో ఆగలేదు. రంగారావు ఇంటి కింద భాగంలో కిరాయికుండే టీచరమ్మతో మాట కలిపి వచ్చింది. అలాంటి నాలుగు గదులకే ఆమె, రంగారావు నాకు చెప్పినదానికి రెండింతలు కడుతోంది. పట్టణం చివర ఉన్న ధర్మకాంట రంగారావు బావమరిదిదట. దానికి సీలు వేయాల్సిన గడువు వచ్చే నెల.

నేను మరో వైపు నుంచి ఆలోచించాను. నాలుగు గదులు. నీళ్లు. భార్యాబిడ్డలు. మూడేళ్ల ఆదివారాలు. పైగా ఆ ధర్మకాంట తప్పు తూస్తోందని ఎవరు చెప్పారు? ఈ మాట పైకే అన్నాను. సుజాత సంచులు సర్దుకుంటూ, కాంట తప్పని తనూ అనడం లేదంది. ఆ మేడ మీద నుంచి దిగి పోయి సీలు వేస్తే అది ఒప్పని నమ్మేవాడెవడని మాత్రం అడిగింది.

ఆ సాయంత్రం నేను రంగారావు ముందు తాళంచెవి పెట్టి, ఇల్లు వద్దని చెప్పాను. ఆయన నొచ్చుకోలేదు. నవ్వాడు.

"కిరాయి తక్కువైందని అనుమానమైతె ఎక్కువియ్యిండ్రి సార్. నేను వద్దంటనా?"

"ఎక్కువియ్యగలిగితె జగిత్యాలల్నే ఉంటుంటిమి గద. ఇయ్యాల కిరాయిల మీరు తగ్గుతరు, రేపు కాంటకాడ మేం తగ్గాలె. గా లెక్క మాకొద్దు."

సిరిసిల్లలో ఇల్లు సుజాతే చూసింది. నా ఉద్యోగం ఏమిటో ఇంటివాళ్లకు చెప్పలేదు. కాలువల శాఖలో గుమాస్తా అంది. మూడు గదులు, గోడ అవతలే సాంచాల కార్ఖానా. సాంచాలంటే పవర్‌లూమ్ మగ్గాలు. పొద్దున్నే మొదలైతే ఆ చప్పుడుకు పప్పు డబ్బాలు వాటంతటవే అలమార అంచుకు నడిచి వచ్చేవి. ఒకసారి చారు గిన్నె ఒక పొయ్యి మీద నుంచి రెండో పొయ్యి మీదికి మారింది. కిరాయి తక్కువే. ఎందుకు తక్కువో రోజంతా చెవుల్లో వినపడుతూనే ఉండేది గనక, అనుమానించే పని లేకపోయింది. శ్రావణి అక్కడే కాలేజీలో చేరింది. జీతం ఇరవై నాలుగు దాకా వచ్చేది. మిగిలిన ఆరు రోజులు సుజాత ఎలా నడిపిందో నేను తనిఖీ చేయలేదు.

మరుసటి నెల కోరుట్ల ధర్మకాంటకు పరీక్ష జరిగింది. పద్ధతి ప్రకారం బాట్లను కాంటా పలక నాలుగు మూలల్లోనూ, మధ్యలోనూ పెట్టి చూడాలి. తర్వాత లారీని ఎక్కించి మళ్లీ చూడాలి. రాజమల్లు, నేను మధ్యాహ్నం దాకా చూశాం. నిబంధన ఒప్పుకునే తేడా లోపలే ఉంది. "ఇల్లు పాయె. కాంట సక్కగనే ఉండె" అన్నాడు రాజమల్లు, బాట్లు మోస్తూ. మొదటి నుంచీ సరిగ్గా ఉందా, తాళంచెవి తిరిగొచ్చాక సరిచేశారా? నాకు ఇప్పటికీ తెలియదు. నవ్వుతూ చాయ్ తెప్పించిన ఆ బావమరిది ముఖం చూసి తేల్చుకోవడం కుదరలేదు.

వడ్ల ట్రాక్టరుతో నిలబడ్డ వెల్గటూర్ రైతు ఒకతను సీలు వేసేదాకా చూసి దగ్గరికి వచ్చాడు.

"సారూ, మీరు రంగారావు సాబ్ మేడ మీద ఉంటున్నరట గదా."

సిరిసిల్లలో ఉంటున్నానని చెప్పాను. సాంచాల పక్కనా అని అడిగాడు. అవునన్నాను.

"గట్లయితె తూకమేస్త" అని ట్రాక్టరు కాంటా మీదికి ఎక్కించాడు.

జీతం ఏ ఊళ్లో సరిపోతుందో తెలుసుకోవాలంటే, ఆ ఊరికి మన ఉద్యోగం తెలియక ముందే సరుకులు కొని చూడాలి. ఇల్లు చవకగా వస్తే, ఆ చవకకు కారణం కంటికో చెవికో దొరికేదాకా తాళంచెవి పుచ్చుకోకూడదు. సీలు వేసే ఉద్యోగికి జీతంతో పాటు చూసుకోవాల్సిన ఖర్చు ఇంకొకటుంది. అతని సీలును ఊరు నమ్మడం మానేస్తే పడే ఖర్చు అది. నా పట్టికలో దానికి వరస లేదు.

ఇక ఒప్పుకోవాల్సింది. టమాటాల తూకం గ్రాముతో సహా నిజం. ధర్మకాంటా నిజమే. చారు గిన్నె పొయ్యి మారలేదు గానీ కదిలింది. పూర్తిగా కల్పించింది ఒక్కటే. రంగారావు ముందు తాళంచెవి పెట్టి ఆ మాటలన్నది నేను కాదు, సుజాత. ఆ సమయానికి నేను వీధిలో బండి మీద కూర్చుని, ఆ నాలుగు గదుల బాల్కనీ వైపు చూస్తున్నాను.