కంప్యూటర్ పాఠం క్యాసెట్టు తీసిన రెండు రోజులు

మా ఆయన పోయిన తర్వాత నాకు వచ్చే పింఛనుకు ఏడాదికొకసారి నేను బతికే ఉన్నానని రుజువు పంపాలి. మొన్న మా చిన్నబిడ్డ ఆ పని ఎట్లా చేయాలో చూపే వీడియో ఒకటి ఫోన్‌లో పెట్టి, ఇది చూసుకుంటూ చేసుకోమని చెప్పి ఆఫీసుకు వెళ్లిపోయింది. వీడియోలో ఎవరో పడుచుపిల్ల గడగడా చెప్పుకుంటూ పోతూ నడుమ ఒకచోట తప్పు మీట నొక్కి, తనలో తాను నవ్వుకుని, వెనక్కు వచ్చి మళ్లీ నొక్కింది. ఆమెకు ఏమీ కాలేదు గానీ, ఇంట్లో కుర్చీలో కూర్చున్న నాకు మాత్రం అరచేతులు తడిసిపోయాయి. కొంగుతో తుడుచుకుంటూ, ముప్పై ఏళ్లు దాటినా ఈ చేతులకు ఆ భయం ఇంకా గుర్తుందే అనుకున్నాను.

తొంభైల నడిమి సంగతి. నల్లగొండ గడియారం దగ్గర ఒక మేడమీద మా సార్‌ది కంప్యూటర్ నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఉండేది. అంతకు ముందు అది టైపు ఇన్‌స్టిట్యూటే. నేను అక్కడే టైపు పరీక్షలు లోయరు, హయ్యరు పాసై, మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు అవీ నేర్చుకుని, ఆ తర్వాత పిల్లలకు నేర్పేదాన్నయ్యాను. మన ఈడు వాళ్లకు యాదికే ఉంటుంది, ఆ రోజుల్లో కంప్యూటర్ గదిలోకి చెప్పులు బయట విడిచి, గుడిలోకి పోయినట్టే పోయేవాళ్లం. సాయంత్రం వాటికి గుడ్డ ముసుగులు తొడిగి, తెల్లారి మళ్లీ తీసేవాళ్లం. మా దగ్గర రంగుల తెరవి కొత్తవి రెండు, నల్లటి తెరమీద పచ్చ అక్షరాలు వచ్చే పాతది ఒకటి, మొత్తం మూడుండేవి.

మాది మర్రిగూడ దిక్కు ఊరు. ఆ దిక్కు ఫ్లోరైడ్ నీళ్ల సంగతి జిల్లాలో తెలియనిదెవరికి? మా బాపుకు నలభై ఏళ్లకే మెడ తిరగడం, నడుం వంగడం పోయాయి. నాకు ఎముకల దాకా రాలేదు గానీ పళ్లను వదలలేదు. చిన్ననాటి నుంచీ గోధుమరంగు చారలు పడ్డ గార పళ్లే. నల్లగొండకు వచ్చాక అది మరీ పెద్ద లోపంగా తోచి, ఎవరితో మాట్లాడినా కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. పిల్లలకు పాఠం కూడా తెర వైపు తిరిగి, వాళ్లకు వీపు పెట్టే చెప్పేదాన్ని.

అట్లాంటి నన్ను కెమెరా ముందు కూర్చోబెట్టిన పుణ్యం అచ్చంపేట నుంచి వచ్చిన ఒక హాస్టల్ వార్డెనమ్మది. అడవి అంచు గూడేల నుంచి వచ్చి చదువుకునే ఆడపిల్లల హాస్టల్ అది. ఎవరో దానమిచ్చిన కంప్యూటర్లు రెండు అక్కడ ముసుగు వేసి ఉన్నాయట, నేర్పేవాళ్లు మాత్రం ఎవరూ అంతదూరం రారు. టీవీ ఉంది, క్యాసెట్లు వేసే వీసీఆర్ ఉంది; పాఠం క్యాసెట్టు మీద ఎక్కించి ఇస్తే, సెలవులకు ఇండ్లకు పోయేలోగా పిల్లలు చూసి నేర్చుకుంటారని ఆమె అడిగింది. మా సార్‌ది ఏదడిగినా కాదనలేని స్వభావం. ఆదివారం వచ్చి తీసుకుపొమ్మన్నాడు. ఆమె వెళ్లిపోయాక నా దిక్కు తిరిగి, పరిచయం తాను చెబుతానని, పాఠం నన్ను చెప్పమని అన్నాడు. మొఖం పడకుండా చేతులు, తెర మాత్రమే తీస్తామంటేనే నేను ఒప్పుకున్నాను.

కెమెరా తెచ్చింది పెండ్లిళ్ల వీడియోలు తీసే భాయ్. అసలే ముహూర్తాల కాలం, రెండు పెండ్లిళ్ల నడుమ అతనికి దొరికింది శుక్ర, శనివారాలే. శుక్రవారం నమాజుకు పోయి వచ్చి మొదలుపెడదామన్నాడు గానీ, సార్‌కు ఆగే ఓపిక లేక పొద్దున్నే మొదలుపెట్టించాడు. ముక్కలు ముక్కలుగా తీసి అతికించే సౌకర్యం నల్లగొండలో లేదు, హైదరాబాదు పోవాలి, దానికి సమయం లేదు. కాబట్టి మొదటి నుంచి చివరిదాకా వరుసగా, తప్పు పోకుండా తీయాలి. తప్పు పోతే క్యాసెట్టు వెనక్కు తిప్పి దానిమీదనే మళ్లీ తీయాలి. వారం రోజులు నేను ఇంట్లో, బస్సులో, స్నానం చేస్తూ కూడా ఆ పాఠమే వల్లించాను.

తీరా భాయ్ కెమెరా కన్నులో నుంచి చూస్తే కంప్యూటర్ తెరమీద అక్షరాలు లేవు. మన కంటికి చక్కగా కనపడే తెర, కెమెరాకు మాత్రం నల్లటి పట్టీలు కిందినుంచి పైకి పాకుతున్నట్టు కనపడింది. దూరం జరిగాడు, దగ్గరికి వచ్చాడు, పక్కనుంచి తీశాడు. వెలుతురు ఎక్కువైందేమోనని కిటికీలకు దుప్పట్లు కట్టాం. మోత వస్తుందని ఫ్యాన్లు ఆపాం. చైత్ర మాసపు నల్లగొండ ఎండలో, దుప్పట్లు కట్టిన గదిలో, పెండ్లి లైట్ల వేడికి ముగ్గురం ఉడికిపోయాం. పట్టీలు మాత్రం పోలేదు. పన్నెండింటికి కరెంటు పోయింది. యూపీఎస్ పిట్ట అరిచినట్టు కీచుమనడం మొదలుపెట్టింది.

భాయ్ నేల మీద కూర్చుని, రుమాలుతో మెడ తుడుచుకుంటూ అన్న మాట నాకింకా చెవిలో ఉంది. "పెండ్లికొడుకును జర నవ్వు బేటా అంటె నవ్వుతడు సార్. గీ డబ్బ నా మాట వింటలేదు."

సార్ నవ్వలేదు. వార్డెనమ్మకు మాట ఇచ్చాను, మాట ఇచ్చాను అని తనలో తాను అనుకుంటూ గదిలో తిరిగాడు. నాకైతే లోపల, ఎవరికీ చెప్పలేని చిన్న ఆశ కలిగింది, ఇక ఇది ఆగిపోతుందేమోనని. ఆ ఆశ కలిగినందుకు సిగ్గూ వేసింది.

మూడింటికి కరెంటు వచ్చాక భాయ్ కెమెరా భుజాన వేసుకుని లేస్తూ, దాన్ని ఆపకుండానే మూలకు తిరిగాడు. అక్కడ ఎవరో పిల్ల స్విచ్చి ఆపకుండా పోయిన పాత కంప్యూటర్, కరెంటు రాగానే తనంతట తానే మొదలై, పచ్చ అక్షరాలతో, వెలుగుతూ ఉంది. అతను అట్లాగే నిలబడిపోయి, "చెల్లె, గిది కదుల్తలేదు, చూడు" అన్నాడు. నేను కెమెరా కన్నులో చూస్తే నిజమే, అక్షరాలు రాతిమీద చెక్కినట్టు నిలకడగా ఉన్నాయి. ఆ పాత తెర వెలిగి ఆరే వేగం, కెమెరా వేగం ఒకటేనని చాలా ఏళ్ల తర్వాత ఎవరో చెబితే తెలిసింది. ఆనాడు మాత్రం ముగ్గురమూ దేవుడి దయ అనే అనుకున్నాం. వెంటనే బల్లలు జరిపి పాతదాన్ని నడుమకు తెచ్చాం. చీకటి పడేలోపు సార్ పరిచయం, నా మొదటి పాఠం అయిపోయాయి.

కానీ నేను వారం రోజులు వల్లించింది కొత్త కంప్యూటర్ మీద. పాతదాంట్లో పరీక్షకు కట్టిన మా పిల్లల జాబితాలన్నీ ఉండేవి. హాలియా, తిరుమలగిరి, దేవరకొండ, ఊరికొక ఫైలు. అవి బుధవారం హైదరాబాదుకు పోవాలి. దరఖాస్తు కాగితాలు ముందే పంపేశాం, ఇంకో నకలు ఉన్న ఫ్లాపీకి బూజు పట్టింది. ఈ సంగతి నాకు తెలియదని కాదు, ఆ కంగారులో తట్టలేదు.

శనివారం పొద్దున బాపు దవాఖానకని ఊరినుంచి వచ్చాడు. మెడ తిప్పలేడు కాబట్టి స్టూలునే తెర వైపు తిప్పి కూర్చోబెట్టాం. పాఠం బాగానే నడిచింది. పాఠం కోసం ఉత్తుత్తిగా రాసిన ఫైళ్లను వేరే ఫ్లాపీలోకి నకలు తీయడం అయ్యాక, అక్కరలేని ఫైళ్లను తుడిచివేయడం చూపాలి. ఫ్లాపీలోకి మారి అక్కడున్న నకళ్లను తుడవాలి. కొత్తదాంట్లో నేను ముందే అందులోకి మారి ఉండేదాన్ని, ఇక్కడ మారలేదు. అన్నీ తుడిచెయ్యమని కొట్టాను. నిజంగానే తుడవాలా, అవునా కాదా అని అది అడిగింది. వల్లించిన అలవాటులో నా వేలు అవును మీద పడింది. తర్వాత ఏమేం మిగిలాయో చూపిద్దామని జాబితా అడిగితే, ఫ్లాపీ ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, కంప్యూటర్‌లో పిల్లల ఫైళ్లు ఒక్కటీ లేవు.

  ఊరూరి నుంచి బస్సెక్కి వచ్చి నేర్చుకున్న పిల్లల మొఖాలు కండ్లముందు తిరిగాయి. సార్‌కు కూడా అర్థమై, ఒక్క అంగలో వచ్చి మీటల మీద చెయ్యి వేయబోయాడు. అప్పటిదాకా ఆయన ముందు గొంతెత్తి ఎరగని నేను లేచి, ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ముట్టకుండ్రి సార్. ఇప్పుడు దీంట్ల కొత్తది ఏం రాసినా పాతది మొత్తానికే పోతది."

సార్ ఆగిపోయాడు. నేను కూర్చున్నాను. తుడిచిన ఫైళ్లను తిరిగి తెచ్చే ఆదేశం ఒకటుందని పుస్తకంలో చదివాను గానీ ఎన్నడూ చేసి చూడలేదు. కొట్టాను. కంప్యూటర్ ఒక్కొక్క ఫైలే చూపించింది, మొదటి అక్షరం పోయి, దాని స్థానంలో ప్రశ్న గుర్తుతో. తుడిచినప్పుడు అది మరిచేది పేరులో మొదటి అక్షరం ఒక్కటే, అది మనం చెబితే మిగతాది తెచ్చి ఇస్తుంది. భయంతో నోరు ఆగక, ఎవరికి చెబుతున్నానో తెలియకుండానే పైకి చెప్పడం మొదలుపెట్టాను. వార్డెనమ్మ పిల్లలకోసం వల్లించిన పుస్తకాల భాష ఎక్కడో పోయింది.

"గిది హాలియా. దీని మొదటక్షరం పోయింది, నేను పెడుతున్న. ఆఁ, వచ్చింది. గిది తిరుమలగిరి. తప్పు చేసినంక లేచి ఉరకొద్దు. ఏం ముట్టకుంట ఒక్క నిమిషం కూసోవాలె, గంతే."

దేవరకొండ వచ్చింది. ఇంకా నాలుగు వచ్చాయి. తిరుమలగిరి మాత్రం పేరు వచ్చింది గానీ తెరిచి చూస్తే లోపల సగానికిపైగా పిచ్చి గుర్తులే. తలెత్తి చూస్తే కెమెరా మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది, దాని కన్ను నా మొఖానికి ఎదురుగా ఉంది. కొంగు ఎప్పుడు జారిందో, నోరు తెరిచి ఎంతసేపు మాట్లాడానో నాకే తెలియదు.

భాయ్ కెమెరా దించి, తప్పు చేసినవాడిలా అన్నాడు. "అలవాటు చెల్లె. పెండ్లిల ఎవరన్న ఏడుస్తుంటె కెమెరా వాళ్ల మొఖం మీదికే పోతది. ఫికర్ చెయ్యకు, వెనక్కి తిప్పి దానిమీద మంచిగ మల్ల తీద్దాం. గంట టైముంది నాకు, మిర్యాలగూడ పోవాలె."

సార్ నా దిక్కు తిరిగాడు. నీ ఇష్టమన్నట్టు చూశాడు. తిప్పమనే అందామనుకున్నాను. ఈ పళ్లు, ఈ చెమట, ఈ మాట, అన్నీ ముక్కూమొఖం తెలియని వాళ్ల ముందుకు పోతాయే అని ఒళ్లు చచ్చిపోయింది. అప్పుడు స్టూలు మీది నుంచి మా బాపు, మెడ తిప్పకుండానే, "నీ మాట గింత సాఫ్‌గ ఉంటదని నాకు ఎరుకనే లేకుండె బిడ్డా" అన్నాడు. ఆయన నాతో ఆ కొంగు గురించి ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఆ నీళ్లు నాకు తాగించింది తానే అన్నట్టు ఎప్పుడూ తల దించుకునేవాడు.  అచ్చంపేట పిల్లలూ ఇదే తప్పు చేస్తారు, చేసినప్పుడు వాళ్ల పక్కన చెప్పే మనిషి ఎవరుంటారు?

"ఉండనియ్యుండ్రి భాయ్" అన్నాను. మిగిలిన పాఠం అక్కడినుంచే కొనసాగించాం.

మంగళవారం తిరుమలగిరికి బస్సులో పోయి, పిల్లల ఇండ్లు అడుగుతూ తిరిగి, జాబితా మళ్లీ రాసుకొచ్చాను. బుధవారం అన్నీ పోయాయి. నెల తిరగకముందే వార్డెనమ్మ దగ్గరినుంచి ఉత్తరం వచ్చింది. ఒక పిల్ల పొరపాటున అందరి ఫైళ్లూ తుడిచేసి ఏడుస్తుంటే, మిగతావాళ్లు క్యాసెట్టు పెట్టి, మేడమ్ కూసోమన్నది, ముట్టొద్దన్నది అంటూ ఆ పిల్లను కూర్చోబెట్టి అన్నీ వెనక్కి తెచ్చారట. ఆ ముక్కను పనిలేకున్నా పెట్టుకుని చూస్తున్నారని కూడా రాసింది. సార్ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు పైకి చదివి నా బల్లమీద పెట్టి వెళ్లాడు. ఆ రోజు పిల్లల వైపు తిరిగి పాఠం చెప్పాను. వెంటనే భయం పోయిందని చెప్పను. సగం పాఠం అయ్యాక మళ్లీ తెర వైపే తిరిగాను.

ఇప్పుడు సార్ లేడు, బాపు లేడు. భాయ్ కొడుకులు డ్రోన్‌తో పెండ్లిళ్లు తీస్తున్నారట. తప్పు పోతే వెనక్కు తిప్పి మళ్లీ తీయాలన్న భయం ఈ కాలపు పిల్లలకు లేదు, ఉండాలని కూడా నేను కోరుకోను. కానీ ఒక్క సంగతి మనసులో మెదులుతూనే ఉంటుంది. ఆదివారం వార్డెనమ్మ మధ్యాహ్నం బస్సుకే తిరిగిపోవాలని తొందరపడితే, నకలు తీసుకోకుండానే ఉన్న ఒక్క క్యాసెట్టునూ ఆమె చేతిలో పెట్టేశాం. నకలు తీసి పంపుతానంది. తర్వాత ఆమెకు బదిలీ అయింది, హాస్టల్ వేరే జాగాకు మారింది. మా ఇంట్లో వీసీఆర్ లేదు, ఆ తీసిన రెండు రోజులూ కెమెరా కన్నులో నన్ను చూసింది భాయ్ ఒక్కడే. నేటి పిల్లలు తీసిన మరుక్షణమే తమను తాము చూసుకుని, నచ్చకుంటే తీసేస్తున్నారు. ముప్పై ఏండ్లు నిండని వయసులో నేను కొంగు అడ్డం లేకుండా మాట్లాడిన ఆ కొద్ది నిమిషాలు అచ్చంపేట పిల్లలు ఎన్నిసార్లు చూశారో గానీ, నేను ఇంతవరకు ఒక్కసారీ చూడలేదు.